ఎండలు ముదరకముందే తలుపులకు వాటర్ బేస్ పాలిష్: డబ్బా మూత తీసే ముందు జాగ్రత్తలు

శివరాత్రి దాటితే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ రోజుకింత పెరుగుతుంది. ఉగాదికీ, ఆపైన వచ్చే పెళ్లిళ్లకూ తలుపులు పాలిష్ చేయించే పనులూ అప్పుడే మొదలవుతాయి. ఘాటు వాసన ఉండదని వాటర్ బేస్ పీయూ (నీళ్లతో పలచన చేసే పాలియురేథేన్ పాలిష్) వేయించేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. థిన్నర్ కలిపే పాత రకం పాలిష్ కొద్దిపాటి జిడ్డును తనలో కరిగించుకునేది. నీళ్లకు ఆ గుణం లేదు. జిడ్డున్న చోట పాలిష్ పక్కకు తొలగి చిన్న చిన్న గుంటలు పడతాయి. లేదంటే కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది. అలా లేచిన పాలిష్‌కు మూలం చాలాసార్లు రుద్దిన దగ్గరో, తుడిచిన దగ్గరో ఉంటుంది.

తలుపు మీద ఇప్పుడున్న పూత ఏమిటో మొదట తేల్చుకోండి. కనపడని మూలలో దూదితో కొంచెం స్పిరిట్ అద్ది చూడండి. మెత్తబడి జిగురొస్తే అది లక్క, అంటే ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ థిన్నర్‌కు కరిగితే లాకర్, అంటే నైట్రోసెల్యులోజ్ (ఎన్‌సీ) పాలిష్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ గానీ పీయూ గానీ అయ్యుంటుంది. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద వాటర్ బేస్ పట్టదు కాబట్టి చెక్క కనపడేదాకా తీసేయాలి. మెలమైన్ గట్టిగా అతుక్కునే ఉంటే అంత శ్రమ అక్కర్లేదు. శుభ్రంగా తుడిచి, పీ240 లేదా పీ320 గ్రేడ్ గరుకు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మెరుపంతా చచ్చి ఒకే తీరుగా మసకబారేదాకా రుద్దితే చాలు. ఒక్క చోట మెరుపు మిగిలినా అక్కడ పట్టు ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాకిలి గడప. ఏళ్ల తరబడి పూసిన పసుపు, కుంకుమ, దీపాల నూనె అక్కడ చెక్కలోకి ఇంకి ఉంటాయి. చాలామంది ముందే శాండర్ (రుద్దే మెషిన్) పెట్టేస్తారు. అది తప్పు. రాపిడి వేడికి నూనె ఇంకా లోపలికి దిగుతుంది, పైగా మెషిన్‌కున్న గరుకు డిస్కు ఆ జిడ్డును తలుపంతా పులుముతుంది. ముందు కడగాలి, తర్వాతే రుద్దాలి. వాషింగ్ సోడాతో మాత్రం కడగొద్దు, క్షారం తగిలితే పసుపు ఎర్రబారుతుంది. పసుపులోని రంగు నీళ్లలో సరిగా కరగదు గానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా గుడ్డ మార్చి మార్చి తుడవాలి. ఇది ఇట్టే అంటుకునే ద్రవం, కాబట్టి దగ్గర్లో దీపం, పొయ్యి, బీడీ ఉండకూడదు. బందులకు వేసిన నూనె, స్ప్రే మరకలను కూడా ఇలాగే తీయండి. స్ప్రేలో సిలికాన్ ఉంటే ఆ చుట్టుపక్కలంతా గుంటలు పడతాయి.

ఇక డిస్కులు. చేతి శాండర్లకు ఎక్కువగా దొరికేవి 125 మిల్లీమీటర్లవి, అంటే 5 అంగుళాల వెల్క్రో డిస్కులు. డిస్కు రంధ్రాలు మెషిన్ ప్యాడ్ రంధ్రాలతో కలవాలి. కలవకపోతే దుమ్ము బయటికి పోక డిస్కు కిందే నలిగి, సుడి తిరిగిన సన్నటి గీతలు పెడుతుంది. అవి పూత లేని చెక్క మీద కంటికి ఆనవు, మొదటి పూత ఆరాకే బయటపడతాయి. నంబరు ముందు పీ అక్షరం ఉందో లేదో కూడా చూడండి, ఉంటే యూరప్ కొలత, లేకపోతే అమెరికా కొలత. పీ400 అంటే అమెరికా కొలతలో 320కి దగ్గర. రెండు కొలతలూ కలిపి వాడితే వరస తప్పుతుంది.

కొన్ని డిస్కుల మీద తెల్లటి సుద్దలాంటి పూత ఉంటుంది. అది స్టియరేట్, సబ్బు జాతి పదార్థం. టేకు పొడి డిస్కుకు అట్ట కట్టకుండా అది కాపాడుతుంది. ఆ పూత పొడిగా రాలి చెక్క మీద మిగిలితే మాత్రం వాటర్ బేస్‌లో గుంటలు పడే ప్రమాదం ఉంది. నీటి పూతలకు పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉంటే తీసుకోండి. లేకపోతే దాన్ని మొదటి గ్రేడ్లకే వాడి, చివరి గ్రేడ్‌కూ పూతల మధ్య రుద్దడానికీ స్టియరేట్ లేని అల్యూమినియం ఆక్సైడ్ డిస్కు పెట్టుకోండి.

పాత పూత గీకేసిన తలుపుకు పీ80, పీ120, పీ150, పీ180 వరుసగా వాడాలి. కొత్తగా చిత్రిక పట్టిన చెక్కకు పీ120తో మొదలుపెట్టొచ్చు. ఒక గ్రేడ్ ఎగ్గొడితే ముందటి గీతలు తర్వాతి డిస్కుకు పోవు. ప్రతి గ్రేడ్‌కు ముందు పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా పలచటి గీతలు గీసి, అవి పూర్తిగా చెరిగేదాకా రుద్దండి. మెషిన్‌ను నొక్కకండి, దాని బరువే చాలు. సెకనుకు 2, 3 సెంటీమీటర్లకు మించి జరపొద్దు. చివర్లో అదే పీ180 కాగితం చేత పట్టుకుని నార వెంబడి రుద్దండి. ఇంకా నున్నగా ఉండాలని పీ320 దాకా పోకండి, చెక్క మరీ నున్నబడితే పూతకు పట్టు దొరకదు. వెనీర్ (పలచటి చెక్క పొర) అంటించిన తలుపులకు పీ80 అసలు వద్దు. ఆ పొర అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే, అంచుల దగ్గర రెప్పపాటులో కింది ప్లై బయటపడుతుంది.

తడి తగిలితే చెక్క నార లేస్తుంది. అది పాలిష్ కింద లేచే బదులు మనమే ముందు లేపాలి. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, తలుపంతా ఒకే తీరుగా తుడిచి రెండు మూడు గంటలు ఆరనివ్వండి. తర్వాత పీ220తో, లేచిన పీచు తెగేంత తేలిగ్గా చేత్తో రుద్దండి. ఎక్కువ రుద్దితే కొత్త నార బయటికొచ్చి మళ్లీ లేస్తుంది. దీనికి ఉప్పు బోరు నీళ్లు వాడొద్దు, తెల్లటి చార మిగులుతుంది. నీళ్లలో ఇనుముంటే తుమ్మలాంటి వగరు ఎక్కువున్న చెక్క నల్లబడుతుంది. తాగే క్యాన్ నీళ్లు ఒక లీటరు చాలు. స్టీల్ ఊల్ కూడా ఇందుకే పనికిరాదు, విరిగి మిగిలిన ఇనుప పీచు తడికి తుప్పు పట్టి మచ్చలవుతుంది. నైలాన్ ప్యాడ్ వాడండి.

దుమ్మును వాక్యూమ్‌తో లాగి, తర్వాత తడిచేసి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. జిగురు రాసిన టాక్ క్లాత్ వద్దు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాయి కోసే యూనిట్ల దగ్గర ఇళ్లుంటే సన్నటి రాతిపొడి గంటలోనే మళ్లీ పడుతుంది, కాబట్టి పూతకు ముందు ఇంకోసారి తుడవాల్సిందే. టేకులో సహజంగా నూనె ఉంటుంది. ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆరగానే, ఆ పూటే మొదటి పూత వేసేయండి. రాత్రంతా వదిలితే నూనె మళ్లీ పైకి తేలుతుంది. చివరగా కొన్ని నీటి చుక్కలు చల్లి చూడండి. చుక్క పరుచుకుంటే సిద్ధమైనట్టే, ముత్యంలా నిలిస్తే అక్కడింకా జిడ్డు ఉన్నట్టే.

మార్చి నెలాఖరు నుంచి పూత పనిని ఉదయం 6కు మొదలుపెట్టి 9 గంటల్లోపు ముగించండి. చెయ్యి ఆనిస్తే చురుక్కుమనే తలుపు మీద బ్రష్ తిప్పేలోపే పూత బిగుస్తుంది, అతుకులన్నీ చారలుగా నిలిచిపోతాయి. వీలైతే తలుపును బందుల నుంచి ఊడదీసి, నీడలో పడుకోబెట్టి వేయండి. పైన ఫ్యాన్ ఆపేయండి.

రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. కలప దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ నిర్ధారించింది. గుడ్డ ముక్క కట్టుకుంటే ఆగేది కాదు. పాత ఎనామిల్ రంగున్న తలుపులైతే మరీ జాగ్రత్త. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో, అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో కంటితో తెలియదు. వాటికి శాండర్ పెట్టకండి. వాటర్ పేపర్‌తో తడిపి చేత్తో రుద్ది, ఆ మడ్డిని కాగితంలోకి ఎత్తి మూటకట్టండి. పిల్లలనూ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వకండి. శాండర్ సంచిలో పాత పాలిష్ పొడి చేరితే అది తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. పని ఆపిన ప్రతిసారీ సంచిని ఇంటి బయట, మూత ఉన్న ఇనుప డబ్బాలోకి దులిపేయండి.