అరవై దాటాక "నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాలే" అనడం మానేయండి

మన ఇళ్లలో పెద్దవాళ్ల మీద ప్రేమ చూపించడమంటే వాళ్ల చేత ఏ పనీ చేయించకపోవడమే. బకెట్ ఎత్తబోతే లాక్కుంటాం, కూరగాయలకి వెళ్తానంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తాం, పక్కింటివాళ్లు కూడా "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అని వంత పాడతారు. కొన్నాళ్లకి ఆవిడ సోఫాలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తుంది. అప్పుడు "వయసు మీద పడింది" అనేస్తాం. పడిన మాట నిజమే గానీ, అందులో సోఫా వాటా కూడా తక్కువేం కాదు.

ముప్పై దాటినప్పటి నుంచీ ఒంట్లో కండ కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటుంది, అరవై తర్వాత అది జోరందుకుంటుంది, వాడకుండా ఉంచితే మరీను. "ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం" అనేది మాత్రం ఒట్టి అపోహ. 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సగటున 90 ఏళ్ల వయసున్న వృద్ధాశ్రమం వాళ్ల చేత 8 వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే, చివరిదాకా చేసినవాళ్లకి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

రోజూ వాకింగ్‌కి వెళ్తున్నాం కదా అంటారు. మంచిదే, మానకండి. కానీ నడక ఒక్కటే తొడ కండకి చాలదు, అందుకే 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్ అక్కర్లేదు, చక్రాలు లేని గట్టి కుర్చీ చాలు. దాన్ని గోడకి ఆనించి, ముందు అంచున కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, చేతులు గుండెల మీద కట్టుకుని, ముందుకి వంగి లేవండి. కూర్చునేటప్పుడు ధబేల్మని పడకుండా ఒకటి, రెండు, మూడు అనుకుంటూ మెల్లగా దిగండి, కండకి అసలు పని అక్కడే పడుతుంది. లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి, మొదట్లో చేతులు ఊతంగా పెట్టుకున్నా తప్పులేదు. ఎనిమిది పదిసార్లు చేసి, ఆగి, ఇంకో విడత. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్ని అడగండి.

ఎలా ఉన్నారో చూసుకోవాలంటే, చేతుల సాయం లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. 70-74 ఏళ్ల మధ్య మగవాళ్లు 12, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. మోకాళ్లు అరిగాయి కాబట్టి కదలకూడదు అనేది ఇంకో మాట. తొడ కండ గట్టిపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది, కూర్చుండిపోతే నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇక తిండి. "పెద్దవాళ్లకి అరగదు, రాత్రికి కాస్త మజ్జిగన్నం చాలు" అంటారు, పప్పు గ్యాస్ అని, గుడ్డు వేడి అని ఒక్కొక్కటే తీసేస్తారు, చివరికి కంచంలో మిగిలేది అన్నమూ నీళ్ల చారూ. నిజానికి ఆకలి తగ్గినా ప్రొటీన్ అవసరం తగ్గదు. కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు కావాలి. గుడ్డులో 6, పెద్ద గ్లాసు పాలలో 8 దాకా వస్తాయి. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, రాత్రి మజ్జిగ బదులు గట్టి పెరుగు, మధ్యమధ్యలో మీల్‌మేకర్ కూర, చేపలు తినేవాళ్లైతే చేపలు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి. ఇంకోటి, "సయించడం లేదు" అనేవాళ్లలో చాలామందికి అసలు కష్టం పళ్లతో, నోరు ఓసారి చూపించండి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడేవాళ్లు శనివారం ఒక్కపొద్దు అంటూ మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, ఉపవాసం తప్పదనుకుంటే ఆ రోజు డోసు సంగతి ముందే అడగాలి.

మతిమరుపు కూడా అంతే, అన్నీ వయసు ఖాతాలో వేయకండి. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ ఉన్నదే. రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తెలియకపోతే చూపించాల్సిందే. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, నిద్రమాత్రలు, సరిగ్గా వినపడకపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, వీటికి మార్గం ఉంది. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లకి బి12 తగ్గే అవకాశం ఉంది, అడిగి ఆ పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే తికమకగా మాట్లాడుతుంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అది ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు, స్ట్రోక్ కూడా కావచ్చు.

పడిపోవడం గురించి క్లుప్తంగా: బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్ బిగించండి (టవల్ రాడ్ ఊడొస్తుంది, అది పనికిరాదు), జారే డోర్‌మ్యాట్ తీసేయండి, అరిగిన హవాయి చెప్పులు పారేయండి, మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు మంచం మీంచి దిగ్గున లేవకుండా ఓ నిమిషం కాళ్లు వేలాడేసి కూర్చోవాలి. అయినా లేవగానే కళ్లు తిరుగుతుంటే, పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ రెండు అంకెలూ రాసుకుని, వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అంతేగానీ మీ అంతట మీరు మాత్ర ఆపకండి.