అన్నవాహికకు స్టెంట్ వేయించుకునే ముందు

అన్నవాహికలో క్యాన్సర్ కాని ఇరుకును సుమారు రెండు వారాలకోసారి, ఐదుసార్లు వెడల్పు చేసినా దారి 14 మిల్లీమీటర్లకు రాకపోతే డాక్టర్లు దాన్ని మొండి ఇరుకుగా లెక్కిస్తారు. దారిని తెరిచి ఉంచే గొట్టం, అంటే స్టెంట్ మాట అప్పుడే వస్తుంది. తేదీ ఖాయమైతే ఇవి చూసుకోండి.

- తీసే తేదీ ముందే రాయించుకోండి. ఇది తాత్కాలిక స్టెంట్, సాధారణంగా మూడు నెలలు దాటనివ్వరు. మింగుడు బాగానే పడుతోందని వదిలేస్తే కండ పెరిగి స్టెంట్‌ను పట్టేస్తుంది, తీసేటప్పుడు రక్తస్రావం, చిరుగు వచ్చే ప్రమాదం ఉంది. అన్నిటికంటే నాకు భయం దీని గురించే.

- పూర్తిగా పొర కప్పిన స్టెంటేనా అని అడగండి. పొర లేని లోహపు జాలీలోకి కండ అల్లుకుపోతుంది. తనంతట తానే కరిగే రకమైతే తీయాల్సిన పని ఉండదు.

- బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలిందా?

- రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

- ఎన్నాళ్లు ద్రవాహారం, ఎన్ని గంటలు ఉపవాసం అన్నది మీ డాక్టర్‌నే అడగండి. ఇరుకు పైన నిలిచిన తిండి మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

- స్టెంట్ కడుపు ముఖద్వారం దాటుతుందా? దాటితే యాసిడ్ పైకి తన్నుతుంది. మందు, తలవైపు ఎత్తుగా పడక సిద్ధం చేసుకోండి.

- కొద్ది రోజులు ఛాతీ నొప్పి మామూలే. విపరీతమైన నొప్పి, జ్వరం, రక్తపు వాంతి వచ్చినా, ఉన్నట్టుండి మింగుడు ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. స్టెంట్ జారడం అరుదేమీ కాదు.