బ్రష్‌కు లొంగని గార: పళ్ళ క్లీనింగ్ ఎలా చేయించుకోవాలి, ఏం చూసుకోవాలి

కింది వరసలో ముందరి పళ్ళ వెనక వైపు, చిగురుకు ఆనుకున్న చోట నాలుక కొనతో ఓసారి తడమండి. బ్రష్ చేసుకున్న వెంటనే అయితే మరీ మంచిది. పంటి పైభాగం గాజులా జారుతూ, కిందికి వచ్చేసరికి గరుకుగా, గట్టు కట్టినట్టు తగిలితే అది గార. నమ్మకం కుదరకపోతే టిష్యూతో ఆ చోటు తుడిచి, కాసేపు ఆరనిచ్చి, గడ్డం కిందికి వంచి నోరు బాగా తెరిచి అద్దంలో చూడండి. తడిగా ఉన్నప్పుడు పంటి రంగులో కలిసిపోయిన గార, ఆరగానే సుద్దలా పాలిపోయి కనిపిస్తుంది. బ్రష్‌తో ఎంత రుద్దినా అది ఊడదు. క్లీనింగ్ అవసరం మొదలయ్యేది అక్కడే.

గార ఎలా కడుతుంది

పళ్ళు తోముకున్న కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద పలచటి పొర కడతాయి. కొన్ని గంటల్లో ఆ పొర మీద బ్యాక్టీరియా స్థిరపడి పెరుగుతుంది. గోరుతో గీరితే తెల్లగా, మెత్తగా వచ్చే పాచి ఇదే. ఈ దశలో డాక్టరుతో పని లేదు, బ్రష్ చాలు. బ్రష్ అందని చోట పాచి అలాగే ఉండిపోతే మాత్రం లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి ఇంకుతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలై, పది పన్నెండు రోజులకు రాయిలా బిగుస్తుంది. లాలాజలం ఊరే నాళాలు ముఖ్యంగా రెండు చోట్ల తెరుచుకుంటాయి: ఒకటి నాలుక కింద, రెండోది పై దవడ పళ్ళకు ఎదురుగా బుగ్గ లోపల. అందుకే కింది ముందరి పళ్ళ వెనకా, పై దవడ పళ్ళ బుగ్గ వైపూ గార మిగతా చోట్ల కన్నా ముందు పడుతుంది.

నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో గారను కరిగించుకోవచ్చన్న సలహాలు పాటించకండి. గారలోనూ, పంటి పైపొర ఎనామెల్‌లోనూ ఉన్నది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటే. ఒకదాన్ని కరిగించే పులుపు రెండోదాన్ని వదిలిపెట్టదు. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ రెండు మూడు మధ్య ఉంటుంది. ఇంట్లో గీక్కోవడానికి అమ్మే ఇనుప కొక్కేల కిట్లు కూడా వద్దు. చిగురు చీరుకుపోవడం, వేరు మీద గీతలు పడటం ఒక ఎత్తు. అంతకన్నా ప్రమాదం, పైకి కనిపించే గార పోయి పళ్ళు శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది, చిగురు కిందది మాత్రం కదలకుండా ఉండిపోతుంది.

నొప్పి రాదు, చిక్కంతా అదే

గార దానంతటదే చేసే హాని తక్కువ. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి చక్కగా పట్టు దొరకబుచ్చుకుంటుంది, ఆ పాచి చిగురును వాపెక్కిస్తుంది. 1965లో హారాల్డ్ లోయె బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలయ్యాయి. చిగురు వాపు దాకా ఉంటే వెనక్కి తిరగొచ్చు. వాపు లోపలికి పాకి పంటిని పట్టుకుని ఉన్న ఎముకను కరిగిస్తే, ఆ ఎముక దానంతటదే తిరిగి రాదు.

ఈ ప్రయాణమంతా చాలామందిలో నొప్పి లేకుండానే సాగుతుంది. బ్రష్ మీద ఎర్రటి చార, పొద్దున్నే నోటి వాసన, పళ్ళు పొడుగైనట్టు కనిపించడం, ఇవే గుర్తులు. పొగతాగేవాళ్ళలో అయితే రక్తం కారడమనే గుర్తు కూడా సరిగా కనిపించదు, ఎందుకంటే పొగ చిగుళ్ళలోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. రక్తం రావట్లేదు కాబట్టి చిగుళ్ళు బాగున్నాయని వాళ్ళు అనుకోకూడదు.

వెళ్ళేముందు చెప్పాల్సినవి

రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి. కృత్రిమ గుండె కవాటం ఉన్నా, గతంలో గుండె లోపొరకు ఇన్ఫెక్షన్ వచ్చినా, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్నా క్లీనింగ్‌కు అరగంట నుంచి గంట ముందు యాంటిబయాటిక్ వేసుకోవాల్సి రావచ్చు. అది మీ గుండె డాక్టరూ, దంతవైద్యులూ కలిసి తేల్చాల్సిన విషయం. పేస్‌మేకర్, ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు, షుగర్, గర్భం కూడా చెప్పాలి. గర్భిణులు క్లీనింగ్ వాయిదా వేయనక్కర్లేదు. హార్మోన్ల వల్ల ఆ నెలల్లో చిగుళ్ళు తేలిగ్గా వాస్తాయి కాబట్టి వాళ్ళకు అవసరం ఇంకా ఎక్కువ. కుర్చీలో వెనక్కి వాలి పడుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య సుఖంగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది రెండు వైపులా పదునున్న సంగతి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బుకు వైద్యం చేయించుకుంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కొంత తగ్గుతుంది.

కుర్చీలో: ముందు కొలత

క్లీనింగ్ అంటే గార గీకడమే అనుకుంటే సగం విలువ వదులుకున్నట్టే. మొదట జరగాల్సింది కొలత. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి, మొన మొండిగా ఉండే పుల్ల లాంటి ప్రోబ్‌ను పంటికీ చిగురుకూ మధ్య సందులోకి దింపుతారు. దాని మీద వేసే ఒత్తిడి పాతిక గ్రాముల బరువు మోపినంత మాత్రమే ఉండాలి. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు, అంటే 28 పళ్ళకు 168 అంకెలు. రక్తం రాకుండా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లయితే చిగురు బాగున్నట్టు. నాలుగైతే కన్నేసి ఉంచాలి. అయిదు, అంతకు పైన అయితే ఆ గుంట అడుగుకు మీ బ్రష్షూ, పళ్ళ సందులు శుభ్రం చేసే దారం ఫ్లాసూ చేరవు, మామూలు క్లీనింగూ సరిపోదు. అక్కడ మత్తు ఇచ్చి, చిగురు కింద వేరు మీద ఉన్న గారను తీయాలి. దీన్నే డీప్ క్లీనింగ్ అంటారు. సాధారణంగా నోటిని భాగాలు చేసుకుని రెండు మూడు సిట్టింగుల్లో చేస్తారు, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తారు.

ఈ అంకెల కాగితం ఒక కాపీ అడిగి తీసుకోండి. మొహమాటపడొద్దు. వచ్చే ఏడాది ఏ పంటి దగ్గర మూడు కాస్తా అయిదయిందో ఆ కాగితమే చెబుతుంది.

స్కేలింగ్ జరిగే తీరు

స్కేలింగ్ అంటే గార తీయడం. అందుకు వాడే అల్ట్రాసోనిక్ స్కేలర్ మొన సెకనుకు పాతిక వేల నుంచి నలభై వేలకు పైగా సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికే గార పెళుసుగా విరిగి ఊడుతుంది, చెక్కి తీయడం కాదు. కంపించే మొన వేడెక్కుతుంది కాబట్టి నీళ్ళు ఆగకుండా చిమ్ముతూ ఉండాలి. ఆ నీళ్ళే విరిగిన ముక్కల్ని కడిగేస్తాయి. మొన పక్క భాగాన్ని పంటికి ఆనించి, ఒకచోట ఆపకుండా తేలిగ్గా కదుపుతూ పోవడం సరైన పద్ధతి. మొన కొసను నిటారుగా పొడిచినట్టు పెడితే పంటికి గుంట పడుతుంది, జివ్వుమని నొప్పి వస్తుంది. కుర్చీలో ఉన్నప్పుడు ఒకేచోట వేడిగా, గుచ్చినట్టు తగిలితే చెయ్యెత్తి ఆపమనండి. అరిగిన మొన కూడా సమస్యే. రెండు మిల్లీమీటర్లు అరిగితే దాని పనితనం దాదాపు సగానికి పడిపోతుంది, అప్పుడు చేసేవాళ్ళు తెలియకుండానే ఎక్కువ నొక్కుతారు.

తర్వాత చేతి పనిముట్లు. చిగురు కిందికి దింపే క్యూరెట్ వంపు తిరిగి, కొస గుండ్రంగా ఉంటుంది. దాన్ని గార అడుగుకు చేర్చి, అంచును పంటికి ఆనించి పైకి లాగుతారు. చిగురు కింద దొరికే గార రక్తపు రంగు పట్టి నల్లగా, పంటిని గట్టిగా కరుచుకుని ఉంటుంది. పైది తీసినంత తేలిగ్గా రాదు. నోరు నిండా గార పట్టిన మనిషికి మొత్తం పని పది నిమిషాల్లో అయిపోయిందంటే పైకి కనిపించింది మాత్రమే తీశారని అర్థం. గార తక్కువున్నా కొలతలూ పాలిషింగూ కలిపి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. లేచేముందు మీరే పరీక్షించుకోండి: ప్రతి సందులోనూ ఫ్లాస్ చిక్కుకోకుండా, పీచు లేవకుండా జారాలి.

చివర రబ్బరు కప్పుతోనో, సన్నటి పొడిని నీళ్ళతో కలిపి చిమ్మే యంత్రంతోనో పాలిష్ చేస్తారు. ఇది టీ, కాఫీ, పొగాకు మరకల్ని తీస్తుంది. గారను తీయదు. కాబట్టి పాలిషింగ్ ఒక్కటే చేసి పంపితే అది క్లీనింగ్ కాదు. పళ్ళు తెల్లబరిచే బ్లీచింగ్ అసలు వేరే పని. తేలిగ్గా పుచ్చిపోయే పళ్ళున్నవాళ్ళు ఫ్లోరైడ్ వార్నిష్ పూయమని అడగొచ్చు. అది పూశాక కొన్ని గంటలు గట్టివీ, వేడివీ తినకూడదు. ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను, అంటే ఇంప్లాంట్ ఉంటే ముందే గుర్తు చేయండి, మామూలు ఉక్కు మొనలు దాన్ని గీస్తాయి కాబట్టి ప్లాస్టిక్ లేదా టైటానియం మొనలు వాడతారు.

శుభ్రత గురించి అడగడం మీ హక్కు. పనిముట్లు ఆటోక్లేవ్‌లో, ఉదాహరణకు 134 డిగ్రీల ఆవిరిలో కనీసం మూడు నిమిషాలు ఉంచి శుద్ధి చేసినవై ఉండాలి, మూసిన కవర్‌ను మీ కళ్ళ ముందే చించాలి. కవర్ మీది గుర్తు రంగు మారి ఉంటే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్ళొచ్చినట్టు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి" అన్న భయం

ఈ భయంతో ఏళ్ళ తరబడి దూరంగా ఉండి, పళ్ళు పోగొట్టుకునేవాళ్ళున్నారు. అందుకే కాస్త వివరంగా చెప్పాలి. ఎముక కరిగి ఎప్పుడో వదులైన పళ్ళను గార సిమెంటులా ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. చిగురు వాపు తగ్గి బిగుసుకున్నాక అందులో కొంత తగ్గుతుంది కూడా. సందులు ఏర్పడటం కూడా అంతే. గార నిండి ఉన్న జాగా ఖాళీ అయింది, వాచిన చిగురు కుంచించుకుంది, పన్ను ఏమాత్రం అరగలేదు. కొత్త సందును చూసి కంగారుపడకండి, ఇప్పుడు అక్కడికి బ్రష్ అందుతుంది.

పళ్ళు జివ్వుమనడం మాత్రం నిజమే. గార కింద కప్పబడి ఉన్న వేరు తెరుచుకోవడంతో చల్లటి నీళ్ళు తగులుతాయి. చాలామందికి కొన్ని రోజుల్లో, కొందరికి రెండు వారాల్లో తగ్గుతుంది. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్టు రోజూ వాడితే నయం, అయితే ఒక్క పూటలో ఫలితం ఆశించకండి. చిగుళ్ళు నొప్పిగా ఉంటే గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. ఒకటి రెండు రోజులు కాస్త రక్తం కనపడితే తోముకోవడం మానొద్దు, మెత్తటి బ్రష్‌తో కొనసాగించండి. ఆగని రక్తం, పెరిగే వాపు, జ్వరం ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే రెండు వారాలకు మించి సొంతంగా పొడిగించకండి. పళ్ళకు గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి తేడా చేస్తుంది.

ఎన్నాళ్ళకోసారి

ఆరు నెలల లెక్క అందరికీ ఒకేలా నప్పదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్షను చూస్తే, చిగుళ్ళ జబ్బు ముదరని, క్రమంగా దంతవైద్యుడికి చూపించుకునే పెద్దవాళ్ళలో 6 లేదా 12 నెలలకోసారి స్కేలింగ్ చేసినా, అలా షెడ్యూల్ ప్రకారం చేయకపోయినా రెండు మూడేళ్ళలో చిగుళ్ళ వాపులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. దీన్ని చూసి క్లీనింగ్ దండగ అనడం పొరపాటు. వాళ్ళంతా పరీక్షకు వెళుతూనే ఉన్నవాళ్ళు. పైగా ఏడాదిలో ఒకటి రెండు గంటల క్లీనింగ్, మిగతా రోజుల నిర్లక్ష్యాన్ని సరిదిద్దలేదు. రోజుకు రెండుసార్లు రెండేసి నిమిషాలు, బ్రష్ వెంట్రుకలు చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనేలా, 1,000 నుంచి 1,500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమి, రాత్రిపూట సందుల్లో ఫ్లాసో చిన్న సందు బ్రష్షో వాడితేనే గార నెమ్మదిస్తుంది.

కొలతలన్నీ మూడులోపే ఉండి, రక్తం రాక, గార పలచగా పట్టేవాళ్ళకు ఏడాదికోసారి చాలు. డీప్ క్లీనింగ్ అయినవాళ్ళు, పొగతాగేవాళ్ళు, షుగర్ అదుపులో లేనివాళ్ళు, పళ్ళకు క్లిప్పులున్నవాళ్ళు మూడు నాలుగు నెలలకోసారి వెళ్ళడం మంచిది. మీ సంగతి తేల్చుకోవాలంటే, క్లీనింగ్ అయిన రోజు నుంచి పదిహేను రోజులకోసారి కింది ముందరి పళ్ళ వెనక నాలుకతో తడిమి, గరుకు తగిలిన తేదీ రాసిపెట్టుకోండి. రెండు నెలలకే తగిలితే ఆ సంగతి వచ్చేసారి కుర్చీలో కూర్చోగానే చెప్పండి. తర్వాతి క్లీనింగ్ త్వరగా పెట్టుకోవడంతో పాటు, ఆ చోట బ్రష్‌ను నిలువుగా పట్టుకుని ఎలా తోమాలో చేయించి చూపించమని అడగండి.