హ్యాష్‌ట్యాగ్ పెట్టడం ఎలా? తెలుగులో రాసేవాళ్లు ముందు విభక్తి సంగతి చూసుకోవాలి

కీబోర్డులో అంకెల మీట నొక్కితే @, # రెండూ కనిపిస్తాయి. @ మనిషిని పిలవడానికి, # విషయం చెప్పడానికి. @ కొట్టి పేరు మొదలుపెట్టగానే వచ్చే జాబితాలోంచే ఎంచుకోండి. మొత్తం చేత్తో కొడితే ఒక్క అక్షరం తేడాతో కబురు ఇంకెవరికో వెళ్తుంది.

ఇక #. ఒక విషయం మీద ఎవరెవరో రాసినవన్నీ ఒకచోట దొరకాలని 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అనే అమెరికన్ డిజైనర్ ట్విటర్‌లో దీన్ని ప్రతిపాదించాడు. # తర్వాత గానీ, మాటల మధ్య గానీ ఖాళీ వదలొద్దు. '#రక్తం కావాలి' అని కొడితే లింకయ్యేది 'రక్తం' వరకే. కామా, చుక్క, అడ్డగీత కూడా ట్యాగును తెంపేస్తాయి. మాటలు కలపాలంటే అండర్‌స్కోర్ వాడండి: #రక్తం_కావాలి.

ఇంతవరకూ అందరికీ వస్తుంది. తెలుగువాళ్లం బోల్తా పడేది ఆ తర్వాతే.

మన భాషలో లో, కి, తో, నుంచి అన్నీ మాటకే అతుక్కుంటాయి. 'మా నాన్నకి #వరంగల్‌లో ఓ నెగెటివ్ రక్తం అత్యవసరం' అని రాశారనుకోండి. ట్యాగు 'వరంగల్' కాదు, 'వరంగల్‌లో' అయి కూర్చుంది. #వరంగల్ అని వెతికే దాతకు ఆ పోస్టు ఆ ట్యాగు కింద కనబడదు. పోస్టు పెట్టినవాళ్లేమో ఎవరూ స్పందించలేదని బాధపడుతుంటారు. ఇలాంటి పోస్టులు చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ట్యాగులో మాట ప్రథమా విభక్తిలోనే ఉండాలి. డు, ము, వు, లు వరకు సరే, అంతకుమించి ఏదీ తగిలించొద్దు. కొందరు '#వరంగల్ లో' అని విడగొడతారు. లింకు సరిగ్గానే పడుతుంది కానీ వాక్యం చదవబుద్ధి కాదు. వాక్యాన్ని వాక్యంలా రాసి, ట్యాగులన్నీ చివర్లో విడిగా పెట్టడమే పద్ధతి: 'వరంగల్‌లో ఓ నెగెటివ్ రక్తం అత్యవసరం. #వరంగల్ #రక్తదానం'.

వర్ణక్రమం కూడా చూసుకోవాలి. #హైదరాబాద్, #హైద్రాబాద్ రెండు వేర్వేరు ట్యాగులు. కొత్తది పుట్టించే ముందు సెర్చ్‌లో కొట్టి చూడండి. పదిమంది ఇప్పటికే వాడుతున్నది ఏదో అదే పెట్టండి, మీ స్పెల్లింగు ఎంత సరైనదైనా సరే. ఇంగ్లీషు ట్యాగైతే ప్రతి మాటనూ పెద్దక్షరంతో మొదలుపెట్టండి. ట్యాగు మారదు. చూపులేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించేటప్పుడు మాత్రం మాటలు విడివిడిగా పలుకుతుంది.

ట్యాగులు మూడు చాలు. ముప్ఫై గుప్పిస్తే రీచ్ పెరుగుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు, అసలు విషయం ఆ గుంపులో కనబడకుండా పోతుంది. యూట్యూబ్‌లోనైతే 60 దాటితే అన్నింటినీ పక్కన పెట్టేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఖాతా ప్రైవేటుగా ఉంటే ఎన్ని ట్యాగులు పెట్టినా బయటివాళ్లకు పోస్టు కనబడదు. వాట్సాప్‌లో # పెద్దగా పనికిరాదు, అక్కడ మాటకు రెండు వైపులా * పెడితే అక్షరాలు బొద్దుగా వస్తాయి.

పోస్టు చేశాక ట్యాగు మీద ఒకసారి నొక్కండి. ఇతరుల పోస్టులు వస్తే సరే. మీదొక్కటే వస్తే ఎక్కడో ఏదో అతుక్కుందన్నమాట. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఎడిట్ చేయండి. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విటర్) డబ్బు కట్టనివాళ్లకు ఎడిట్ ఉండదు కాబట్టి తీసేసి మళ్లీ పెట్టండి.