అకౌస్టిక్ గిటార్‌కు ఏ తీగలు?

ప్యాకెట్ మీద 12 అంటే సన్న తీగ మందం 0.012 అంగుళం. 12-53 సెట్‌ను (సన్న తీగ 0.012, లావు తీగ 0.053 అంగుళం) మామూలు శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిపి సుమారు 73 కిలోల బలంతో బ్రిడ్జిని, అంటే గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చెక్కను, లాగుతాయి. కొత్తవాళ్ల వేళ్లకు 10-47 చాలు; మోత మాత్రం కాస్త పలచన. 10 నుంచి 12కు మారితే మెడ ముందుకు వంగి తీగలు పైకి లేస్తాయి. అప్పుడు ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీ) పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. లావు తీగలే కావాలంటే శ్రుతి అర స్వరం దించి, మొదటి ఫ్రెట్‌లో (మెడ మీది మొదటి లోహపు గీత దగ్గర) కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, పెట్టండి; శ్రుతి మళ్లీ మామూలుకు వస్తుంది. లాగుడు దాదాపు 11 శాతం తగ్గుతుంది. నైలాన్ గిటార్‌కు స్టీలు తీగలు అసలే వద్దు, బ్రిడ్జి ఊడొస్తుంది. మే నెలలో తిరుపతి ఎండలో, మూసిన కారులో గిటార్ వదిలినా అంతే: జిగురు మెత్తబడుతుంది. వాయించాక చెమట తుడవండి.