బైపీసీ తర్వాత వైద్యరంగ కోర్సులు: ఎంపిక, దరఖాస్తు విధానం (విశాఖపట్నం విద్యార్థుల కోసం)

వైద్యరంగంలో చేరడానికి ఒకే దరఖాస్తు ఉంటుందని, అది జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ అని చాలా ఇళ్లలో అనుకుంటారు. నిజానికి బైపీసీ విద్యార్థి ముందు మూడు వేర్వేరు దారులు ఉన్నాయి. ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేద, హోమియో కోర్సులకు నీట్ ర్యాంకు కావాలి. బీ ఫార్మసీకీ, ఆరేళ్ల ఫార్మ్ డీకీ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు కావాలి. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ వంటి పారామెడికల్ డిగ్రీలకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడివిడిగా ప్రకటనలు ఇస్తుంది; వీటిలో నర్సింగ్‌కు ఈఏపీసెట్ ర్యాంకు కూడా అడగవచ్చు. ఒక్కొక్క దారికి గడువు వేరు, రుసుము వేరు, అడిగే పత్రాలు కూడా కొంత వేరు. నీట్ ఫలితం వచ్చాక మిగతావి ఆలోచిద్దామని కూర్చున్నవారికి ఈఏపీసెట్ దరఖాస్తు గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. కాబట్టి కోర్సుల వరుసను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలకు ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఆ వరుస రాసుకునే ముందు ఒక ఉదయం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీ దగ్గర రెండు గంటలు కూర్చోవడం ఏ కౌన్సెలింగ్ కన్నా మేలని నా అభిప్రాయం. ఓపీ చీటీ పట్టుకున్న రోగి డాక్టరు ముందు కూర్చునేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత రక్తం తీసి సీసాకు పేరు అంటించేది ఒకరు, ఎక్స్‌రే గదిలో విరిగిన చేతిని నొప్పి తెలియకుండా పలక మీద సరిగ్గా పెట్టేది ఇంకొకరు, మందుల కౌంటర్లో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద గీతలు గీసి చెప్పేది వేరొకరు, వార్డులో రాత్రంతా సెలైన్ చూసుకునేది మరొకరు. రాత్రి డ్యూటీలు, గంటల తరబడి నిలబడటం తనవల్ల కాదనుకునే అమ్మాయి లేదా అబ్బాయి నర్సింగ్‌ను మొదటి స్థానంలో రాయకూడదు. రోగితో ఎక్కువ మాట్లాడకుండా పరికరాలతో పని చేయడం ఇష్టమైనవారికి ల్యాబ్ లేదా రేడియాలజీ సరిపోతుంది. ఒకే మనిషి చేత నెలల తరబడి అదే వ్యాయామం ఓపికగా చేయించగలవారికి ఫిజియోథెరపీ నప్పుతుంది.

కాలం లెక్క కూడా చూసుకోవాలి. ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. బీఎస్సీ నర్సింగ్, బీ ఫార్మసీ నాలుగేళ్లు. జీఎన్ఎం నర్సింగ్ మూడేళ్ల డిప్లొమా, దానికి బైపీసీ తప్పనిసరి కాదు. జీవశాస్త్రం లేకుండా ఎంపీసీ చదివినవారికి ఎంబీబీఎస్ దారి మూసుకున్నా ఫార్మసీ కోర్సుల దారి తెరిచే ఉంటుంది. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి గానీ గరిష్ఠ వయసు గానీ లేవు. కనీస వయసు మాత్రం ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పరిమితి లేదన్న ధైర్యంతో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో రెండేళ్లు, మూడేళ్లు గడిపేవారు మన ఊళ్లో తక్కువేమీ కాదు. ఒక ఏడాది సరే. రెండోసారి కూర్చునే ముందు మొదటిసారి మార్కులు ఎక్కడ పోయాయో సబ్జెక్టువారీగా చూసుకోవాలి. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90, ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నల్లో 80 జీవశాస్త్రానివే. అంటే రెండింటికీ సగం బరువు ఒకచోటే ఉంది. తేడా ఏమిటంటే, నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు, ఈఏపీసెట్‌లో కోత లేదు గనుక ఏ ప్రశ్ననూ వదిలేయనక్కర్లేదు.

ఇక పత్రాల సంగతి. పదో తరగతి మార్కుల మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ఆధార్‌ను ముందే సరిచేయించుకోవడం మంచిది. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి, ఎందుకంటే స్థానికతను తేల్చేది అవే. విశాఖ జిల్లా ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుంది; అర్హత పరీక్షతో కలిపి వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఈ పరిధిలోనే చదివినవారు ఇక్కడ స్థానికులు. నేవీ, స్టీలుప్లాంటు, పోర్టు ఉద్యోగుల బదిలీల వల్ల మధ్యలో వేరే రాష్ట్రంలో చదివిన పిల్లలకూ, తొమ్మిది, పది తరగతులు ఒడిశాలోని జయపురంలోనో బరంపురంలోనో చదివి ఇంటర్‌కు విశాఖ వచ్చినవారికీ ఇక్కడే చిక్కు వస్తుంది. అటువంటివారు స్థానికేతరులకు వర్తించే నిబంధనను, తల్లిదండ్రుల నివాస లేదా ఉద్యోగ ధ్రువపత్రం అవసరమా అన్నదాన్ని ప్రకటనలో ముందే చదువుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే వస్తాయి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రం మాత్రం ఆ ఏటిదే అయి ఉండాలి. ఎంబీబీఎస్‌లో 15 శాతం అఖిల భారత కోటాకు కూడా వెళ్లదలచిన బీసీ విద్యార్థులు రాష్ట్ర కుల పత్రం చాలదని, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) పత్రం వేరుగా తీసుకోవాలని గుర్తుంచుకోవాలి. మన బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు.

ఆన్‌లైన్ దరఖాస్తు ఎవరి ఫోన్ నంబరుతో నమోదైతే ఓటీపీలు వారికే వెళతాయి. మా దూరపు బంధువుల అమ్మాయి ఒక నెట్ సెంటర్లో దరఖాస్తు చేయించుకుంది. తొందరలో అక్కడి కుర్రాడు తన నంబరే ఇచ్చేశాడు. మెరిట్ జాబితాలో తన కేటగిరీ తప్పు పడిందని చూసుకున్నాక సరిచేయడానికి లాగిన్ కావాలంటే, ఆ కుర్రాడు ఊరెళ్లి ఉన్నాడు. అభ్యంతరాల గడువు ఆ సాయంత్రంతోనే ముగిసింది. నెట్ సెంటర్‌కు వెళ్లడం తప్పు కాదు గానీ ఫోన్, ఈమెయిల్, పాస్‌వర్డ్ మూడూ మనవే కావాలి. రుసుము చెల్లించాక వచ్చిన రసీదును, నింపిన దరఖాస్తును ప్రింటు తీసి ఫైలులో ఉంచుకోవాలి. తాత్కాలిక మెరిట్ జాబితా వెలువడినరోజే పేరు, మార్కులు, కేటగిరీ, స్థానికత నాలుగూ సరిచూసుకోవాలి.

అసలు సీటును నిర్ణయించేది వెబ్ ఆప్షన్ల వరుస, అంటే కోరుకున్న కళాశాలలను ఆన్‌లైన్‌లో ఏ వరుసలో పెట్టామన్నది. కంప్యూటర్ ర్యాంకు ప్రకారం ఒక్కొక్క అభ్యర్థిని తీసుకుని, వారు రాసిన మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూస్తుంది. ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగిపోతుంది, దాని కింద ఉన్నవాటిని ఇక చూడదు. మధురవాడలో ఉండే విద్యార్థిని బస్సు సౌకర్యం చూసుకుని దగ్గరలోని ప్రైవేటు నర్సింగ్ కళాశాలను ఒకటో స్థానంలో, ప్రభుత్వ నర్సింగ్ కళాశాలను రెండో స్థానంలో రాసిందనుకుందాం. ఆమె ర్యాంకుకు రెండూ వచ్చేవే అయినా ప్రైవేటు సీటే వస్తుంది. రాదేమో అన్న అనుమానంతో ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టడం వల్ల లాభం లేదు. పైన రాసినందుకు కింది ఆప్షన్లలో అవకాశమేమీ తగ్గదు. ఆప్షన్లను ముందు తెల్లకాగితం మీద కళాశాల కోడ్‌తో సహా రాసుకుని, ఆ తర్వాతే తెర మీద ఎక్కించి, సేవ్ చేసిన జాబితాను ప్రింటు తీసుకోవాలి. నర్సింగ్ కళాశాలకైతే భారత నర్సింగ్ మండలి, ఫార్మసీకైతే భారత ఫార్మసీ మండలి గుర్తింపు ఉందో లేదో ఈ దశలోనే చూడాలి. పారామెడికల్ అన్న బోర్డు తగిలించి ఆరు నెలల సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు వేరు, విశ్వవిద్యాలయ డిగ్రీ వేరు.

సీటు వచ్చాక అలాట్‌మెంట్ ఆర్డరు దించుకుని, విశ్వవిద్యాలయ రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, గడువులోగా ఒరిజినల్ పత్రాలతో, టీసీతో కళాశాలలో చేరాలి. గడువు దాటితే సీటు రద్దవుతుంది. తర్వాతి విడతలో మెరుగైన సీటు వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. అందుకే రెండో విడతలో నిజంగా వెళ్లదలచిన కళాశాలలనే రాయాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చే) సీట్లకే గనుక మేనేజ్‌మెంట్ సీటుకు ఒప్పుకునే ముందు మొత్తం నాలుగేళ్ల ఖర్చు లెక్క వేసుకోవాలి. ఒరిజినల్స్ కళాశాలకు అప్పగించేముందు ప్రతి పత్రాన్నీ మూడేసి జిరాక్సులు తీసుకుని, ఇచ్చిన పత్రాల జాబితా మీద కార్యాలయం ముద్ర, సంతకం అడిగి తీసుకోవాలి; స్కాలర్‌షిప్పుకు, బస్ పాసుకు, హాస్టలుకు ఆ జిరాక్సులే కావలసి వస్తాయి.