డేగలా ఉంది, డేగ కాదు

జూన్‌లో వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో నడుస్తుంటే ఒక బూడిదరంగు పిట్ట మోదుగ కొమ్మ మీద వాలింది. ఛాతీ మీద గోధుమరంగు చారలు, తోక మీద అడ్డపట్టీలు. పుస్తకం తిరగేస్తే షిక్రా డేగ బొమ్మ అచ్చం అలాగే ఉంది. కానీ డేగ అంటే ముక్కు కొక్కెంలా వంగి ఉండాలి కదా, అక్కడే అనుమానం.

బైనాక్యులర్స్‌తో ముక్కు, కాళ్లు మాత్రమే చూశాను. రంగులు వెలుతురును బట్టి మారిపోతాయి, ఆకారం మారదు. ముక్కు దాదాపు తిన్నగా ఉంది, మొన నల్లన. కాళ్లు పొట్టి. షిక్రాకైతే పొడుగాటి పసుపు కాళ్లు, వాడి గోళ్లు ఉంటాయి. కంటి చుట్టూ సన్నటి పసుపు వలయం కూడా కనిపించింది.

ఇంకా డౌటే. ఇంతలో అది అరిచింది, మూడు స్వరాల కూత, ప్రతిసారీ ఇంకాస్త పైకి. చెవులు చిల్లులు పడేలా! ఫోన్‌లో రికార్డు చేసి, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్‌లో పెడితే కామన్ హాక్ కకూ అని చూపించింది. యాప్ మాట ఒక్కటే నమ్మను. ముక్కు, కాళ్లు కూడా అదే చెప్పాయి కాబట్టి ఒప్పుకున్నాను.

కోకిల జాతిదే ఇది. బ్యాబ్లర్ పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఎగరడం, వాలడం కూడా షిక్రాలాగే ఉంటుంది. చిన్న పిట్టలు సైతం దాన్ని చూసి డేగ వచ్చిందని గోల పెడతాయి. వానాకాలంలో రాత్రుళ్లు కూడా కూస్తుంది, నిద్ర పట్టనివ్వదు.